రెడింగ్ చుట్టుపక్కల మిట్టపల్లాల్లో రోడ్ సైకిల్: మార్గాన్ని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మూసీగట్టు

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్ పైకప్పు వేసిన సైకిల్ దారిలోనూ, సెలవు రోజుల్లో వికారాబాద్ మీదుగా అనంతగిరి దాకానూ తొక్కే అలవాటు నాకు ఉండేది. ఇప్పుడు ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాను. నూరు కిలోమీటర్లు తొక్కడం నాకు కొత్త కాదు. అయినా ఇక్కడ థేమ్స్ నది దాటి ఉత్తరంగా వెళ్తే యాభై కిలోమీటర్లకే కాళ్లు పట్టేస్తున్నాయి, సగటు వేగమూ బాగా పడిపోతోంది. కొండలు చూస్తే పెద్దవేమీ కావు. మన తూర్పు కనుమల పక్కన వీటిని కొండలని పిలవడానికే మనసొప్పదు.

రెండో ఇబ్బంది దారులది. ఫోన్‌లోని యాప్ గీసి ఇచ్చిన మార్గం ఒక్కోసారి రెండు పొదల కంచెల మధ్య కారు పట్టనంత సన్నని దారిలోకి, ఒక్కోసారి తారు లేని బురద బాటలోకి, మరోసారి లారీలు తొంభై కిలోమీటర్ల వేగంతో పోయే పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్తోంది. ఇక్కడ చాలాకాలంగా తొక్కుతున్నవారు మార్గాన్ని ఏ లెక్కన ఎంచుకుంటారు? ఇంటి నుంచి గానీ, కొద్ది దూరం రైల్లో వెళ్లి గానీ, ఒక పూటలో ముగించగలిగే దారులు రెండు మూడు వివరంగా చెప్పగలిగితే సంతోషిస్తాను. నా సైకిల్‌కు ముందు పెడల్ దగ్గర 50, 34 పళ్ల చైన్‌రింగులు, వెనుక చక్రానికి 11 నుంచి 28 పళ్ల క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి), 25 మిల్లీమీటర్ల టైర్లు ఉన్నాయి.

జవాబు: చిల్టర్న్ చక్రం

మూసీగట్టు గారికి నమస్కారం. మీ కాళ్లలో లోపమేమీ లేదు, మీరు పట్టుకున్న కొలతే ఇక్కడికి సరిపోదు. ఈ ప్రాంతంలో దారిని కిలోమీటర్లతో కాకుండా, మొత్తం ఎక్కవలసిన ఎత్తుతో కొలవాలి. యాభై కిలోమీటర్లలో ఆరేడు వందల మీటర్లు ఎక్కడం రెడింగ్‌కు ఉత్తరాన ఉన్న ఈ చిల్టర్న్ కొండల్లో మామూలే. ఆ ఎత్తంతా ఒకే కొండగా వస్తే అనంతగిరి మీదికి వెళ్లినట్టు ఒక లయ పట్టుకొని ఎక్కేయవచ్చు. ఇక్కడ అది ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్క నిటారుగా వస్తుంది. ఊపిరి కుదుటపడేలోపు తరువాతిది మొదలవుతుంది.

దీనికి తోడు, ఎక్కినప్పుడు ఖర్చుపెట్టిన శక్తి దిగేటప్పుడు మనకు తిరిగి రాదు. విశాలమైన రోడ్డు మీద దిగుడులో వచ్చిన వేగం ఎదుటి ఎక్కుడులో సగం దాకా మోస్తుంది. పల్లె దారుల్లో అలా కుదరదు. శతాబ్దాల రాకపోకలతో నేలలోకి దిగబడిపోయిన దారులు, ఇరువైపులా మనిషెత్తు కంచెలు, మలుపు అవతల ఏముందో కనిపించని వంపులు, దారి నడుమ కుప్పగా పేరుకున్న గులకరాళ్లు ఉంటాయి. కాబట్టి దిగుతున్నంతసేపూ బ్రేకులు పట్టుకొనే ఉంటాం, అడుగున మళ్లీ సున్నా నుంచి ఎక్కడం మొదలుపెడతాం. మీ సగటు వేగం పడిపోవడానికి ఎక్కుళ్లు ఎంత కారణమో ఈ దిగుళ్లూ అంతే కారణం. దీన్నుంచి నేను పాటించే సూత్రం ఒకటి వచ్చింది: ఎక్కడానికి సన్నని దారినీ, దిగడానికి వెడల్పైన, ఎదురు కనిపించే దారినీ ఎంచుకోవాలి. ఒకే వలయ మార్గాన్ని ఒక దిశలో తొక్కడానికీ, ఎదురు దిశలో తొక్కడానికీ ఎంతో తేడా ఉంటుంది.

ఏ దిశ మంచిదో తెలియాలంటే ఈ నేల ఎలా పరుచుకొని ఉందో కొంచెం తెలియాలి. చిల్టర్న్ కొండలు సుద్దరాతి కొండలు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సుద్ద తరువాత పైకి లేచి ఒకవైపుకు వాలింది. ఒక అంచు కింద రాయి పెట్టి ఎత్తిన పలకను ఊహించుకోండి. ఎత్తిన అంచు వాయవ్యంగా, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మైదానం వైపు ఉంది. అక్కడ కొండ గోడలా తెగిపోతుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా, అంటే హెన్లీ, మార్లో, రెడింగ్ వైపు, నేల మెల్లగా వాలుతూ వస్తుంది. ఈ మెల్లని వాలును చీల్చుకుంటూ పొడవాటి లోయలు కిందికి దిగుతాయి. వాటిలో చాలావాటికి నది లేదు. మంచుయుగంలో నేల గడ్డకట్టి నీరు ఇంకక, పైనే పారిన కాలంలో తెగిన లోయలివి; ఇప్పుడు పడిన వాన పడినట్టే సుద్దలోకి ఇంకిపోతుంది. సైకిల్ తొక్కేవాడికి ఈ పొడి లోయలు వరం, ఎందుకంటే వాటి అడుగున పోయే దారులు కిలోమీటర్ల కొద్దీ రెండు మూడు శాతం వాలుకు మించవు. మీ యాప్ బహుశా మిమ్మల్ని లోయ వెంట తీసుకెళ్లకుండా, లోయకు అడ్డంగా ఒక గట్టు నుంచి మరో గట్టుకు దాటిస్తోంది. దూరం తగ్గించడమే దాని పని. ఇక్కడ దూరం తగ్గితే ఎక్కుళ్లు పెరుగుతాయి.

కాబట్టి మొదట ఈ దారిని ప్రయత్నించండి. హెన్లీ ఆన్ థేమ్స్‌కు ట్వైఫర్డ్‌లో రైలు మారి వెళ్లవచ్చు. రెడింగ్ నుంచి తొక్కుకుంటూ వెళ్లినా సుమారు 13 కిలోమీటర్లే. హెన్లీ నుంచి మార్లో వైపు ఏ4155 రోడ్డు మీద నది పక్కగా అయిదారు కిలోమీటర్లు వెళ్తే మిల్ ఎండ్ వస్తుంది. ఈ ముక్కలో వాహనాలు ఎక్కువ, కాబట్టి పొద్దున్నే దాటేయడం మేలు. అక్కడ ఎడమకు తిరిగితే హాంబుల్డెన్ లోయలో ప్రవేశిస్తారు. హాంబుల్డెన్, స్కర్మెట్, ఫింగెస్ట్ అనే ఊళ్ల మీదుగా దారి లోయ అడుగునే సాగుతుంది. ఈ లోయలోని వాగు కూడా ఏడాది పొడవునా పారేది కాదు, నేలలో నీటిమట్టం పెరిగినప్పుడే కనిపిస్తుంది. ఫింగెస్ట్‌లో నార్మన్ కాలపు చర్చి గోపురానికి జంట కప్పులు ఉంటాయి. అటువంటిది ఇంగ్లండులో అరుదు, కాబట్టి ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఫింగెస్ట్ దాటాక టర్విల్ వస్తుంది. కొండ మీద తెల్లని గాలిమర, కింద ఇటుక, చెకుముకి రాళ్లతో కట్టిన ఇళ్లు కనిపిస్తాయి. అక్కడితో లోయ సౌఖ్యం ముగుస్తుంది. టర్విల్ నుంచి నార్త్ఎండ్ వైపు ఎక్కే సన్నని దారే ఈ రోజు మీ అసలు పని. ముందుగానే చిన్న గేరులోకి మారి, తొందరపడకుండా ఎక్కండి. పైన బీచ్ అనే జాతి చెట్ల అడవిలోంచి క్రిస్‌మస్ కామన్ చేరుతారు. నది మట్టం నుంచి బయలుదేరినవారు ఇక్కడికి వచ్చేసరికి సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటారు. అక్కడ చెట్లు పలచబడినచోట నిలబడితే ఇందాక చెప్పిన తెగిన అంచూ, దాని కింద మైదానమూ కళ్లకు కడతాయి. తలపైన తోక చీలిన ఎర్రగద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండులో పూర్తిగా అంతరించిన ఈ పక్షిని 1989 నుంచి 1994 వరకు స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడు రెడింగ్ ఊళ్లోని ఇళ్ల మీద కూడా చూస్తాం.

అక్కడ ఒక హెచ్చరిక. మొదటిసారి వెళ్లినప్పుడు వాట్లింగ్టన్ వైపు దిగకండి. దిగడం బ్రహ్మాండంగా ఉంటుంది, కాని తిరిగి రావాలంటే ఆ గోడనే ఎక్కాలి. రెండు కిలోమీటర్లైనా లేని దూరంలో నూరు మీటర్లకు పైగా ఎత్తు ఎక్కించే దారి అది. దానికి బదులు దక్షిణంగా తిరిగి పిషిల్, స్టోనర్ ఊళ్ల మీదుగా దిగండి. స్టోనర్ లోయలోని బీ480 రోడ్డుకు రెండు వరసలు, చూపుకందే వంపులు ఉన్నాయి. అదీ వాలులోనే పోతుంది కాబట్టి పెద్దగా బ్రేకు పట్టకుండా హెన్లీ దాకా రావచ్చు. మొత్తం వలయం సుమారు 35 కిలోమీటర్లు. ఇదే దారిని ఎదురు దిశలో తొక్కితే స్టోనర్ లోయలో వేగం వృథా అవుతుంది, టర్విల్ సన్నదారిలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని దిగాలి.

చివరగా, ఇక్కడ పటాలు వేసే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:50,000 పటం ఒకటి కొనుక్కోండి. రెడింగ్ ప్రాంతానికి 175వ షీటు. అందులో ఎత్తు గీతలు పది మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే ఏడింట ఒకటి నుంచి అయిదింట ఒకటి వరకు, అంటే 14 నుంచి 20 శాతం వాలు. రెండు బాణాలు ఉంటే అంతకంటే నిటారు. బాణం దిగే వైపు చూపిస్తుంది. మార్గాన్ని ఫోన్‌లో గీయడానికి ముందు ఈ పటంలో వేలితో గీస్తే లోయలూ గట్లూ వాటంతటవే తెలిసిపోతాయి. యాప్ చూపిన దారి ఇందులో పసుపు రంగు రోడ్డో, గీతలు మాత్రమే ఉన్న మట్టి బాటో కూడా అక్కడే తేలిపోతుంది.

జవాబు: పాతగేరు

పై జవాబులోని భూగోళంతో నాకు పేచీ లేదు, కాని మొదటి దారిగా టర్విల్ ఎక్కుడును చెప్పడం నాకు సమ్మతం కాదు. వెనుక 28 పళ్ల క్యాసెట్‌తో ఆ సన్నదారి ఎక్కిన కొత్తవారు చాలామంది మధ్యలో దిగి నడవడం చూస్తుంటాం. ముందు క్యాసెట్‌ను 32 లేదా 34 పళ్లున్నదానికి మార్చండి. మీ డెరెయిలర్ (గేర్ల మీద చైను జరిపే భాగం) దానికి సరిపోతుందో లేదో దుకాణంలో ఒకమాట అడిగి మార్పించండి. అప్పటిదాకా నదికి దక్షిణాన ఉన్న పాంగ్ లోయలో తొక్కండి.

రెడింగ్ నుంచి పాంగ్‌బోర్న్‌కు లోకల్ రైలు ఉంది. అక్కడి నుంచి బ్రాడ్‌ఫీల్డ్, స్టాన్‌ఫర్డ్ డింగ్లీ, బక్‌ల్‌బరీ, ఫ్రిల్‌షమ్ ఊళ్ల వరుసను పట్టుకుంటే పాంగ్ వాగు వెంబడే ఎగువకు వెళ్తారు. సుద్దలోంచి ఊరిన నీరు కావడంతో అడుగు గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంటుంది. ఫ్రిల్‌షమ్ తరువాత యాటెండన్‌కు ఒక ఎక్కుడు, అక్కడి నుంచి ఆష్‌హామ్‌స్టెడ్, అప్పర్ బాసిల్డన్ మీదుగా గట్టు మీద వచ్చి తిరిగి పాంగ్‌బోర్న్‌కు దిగుడు. అంతా కలిపి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఈ దారి ఎవరి ఫొటోల్లోనూ పెద్దగా కనిపించదు. నాకైతే అందుకే ఇష్టం. ఆదివారం ఉదయం హాంబుల్డెన్ లోయలో ఒకరి వెనుక ఒకరు గుంపులుగా వచ్చే సైకిళ్లు ఇక్కడ ఉండవు.

పై జవాబులో రాని విషయం గాలి. ఈ దేశంలో ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. కంచెల మధ్య తెలియదు గాని గట్టు మీదికి రాగానే ఎదురుగాలి ఒక కొండతో సమానం. కాబట్టి బయలుదేరేటప్పుడు గాలికి ఎదురుగా, తిరిగి వచ్చేటప్పుడు గాలితో పాటు ఉండేలా వలయాన్ని తిప్పుకోవాలి. పాంగ్ లోయ దారి ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది, ఎందుకంటే వెళ్లేది పడమరకు, అదీ లోయలో చాటున. వచ్చేది తూర్పుకు, గట్టు మీద గాలి వీపున తగులుతుండగా.

టైర్ల విషయానికి వస్తే, 25 మిల్లీమీటర్ల టైర్లు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సరిపోతాయి, ఇక్కడ కాదు. సుద్దలో చెకుముకి రాళ్లు పొరలు పొరలుగా ఉంటాయి. వాన వచ్చినప్పుడు గట్టు నుంచి అవి దారి మీదికి కొట్టుకొస్తాయి. పగిలిన చెకుముకి అంచు కత్తి లాంటిదేమీ కాదు, అది కత్తే. రాతియుగంలో పనిముట్లు చేసుకున్నది దానితోనే. దీనికి తోడు, పక్షులు గూళ్లు కట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు రైతులు పొలాల కంచెలు కత్తిరించకూడదు. సెప్టెంబరు రాగానే ట్రాక్టర్లతో కంచెలు చెక్కడం మొదలవుతుంది, వాటిలోని హాథార్న్ పొదల ముళ్లు దారి నిండా పరుచుకుంటాయి. శరదృతువులో అన్నిచోట్లా పంక్చర్ల మాట వినిపించడానికి కారణం ఇదే. మీ ఫ్రేములో చోటుంటే 28, వీలైతే 30 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు వేసి గాలి కొంచెం తగ్గించి నింపండి. రెండు ట్యూబులు, ఒక పంపు ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

ప్రశ్నించినవారు: మూసీగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. క్యాసెట్, టైర్లు మార్పించి, పాంగ్ లోయతోనే మొదలుపెడతాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. నా భార్య కూడా సైకిల్ మొదలుపెట్టింది, ఇంకా అంత అలవాటు లేదు. పల్లె దారుల్లో మేమిద్దరం పక్కపక్కన తొక్కితే వెనుక వచ్చే కార్లవారు విసుక్కుంటున్నారు, నిబంధన ఏమిటి? రెండవది, కొండల మీద గంటసేపు తొక్కినా ఒక్క దుకాణం కనిపించడం లేదు. మంచినీళ్లకు మీరేం చేస్తారు?

జవాబు: కృష్ణలంక

అన్నయ్య గారూ, మొదటి సందేహానికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే నేను ఎక్కువగా ఆడవాళ్ల చిన్న బృందంతో తొక్కుతాను, ఈ వాదన మాకు తరచూ ఎదురవుతుంది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు. పిల్లలతో గానీ, అనుభవం తక్కువున్నవారితో గానీ వెళ్లేటప్పుడు అలా తొక్కడమే సురక్షితం కావచ్చని 2022 జనవరిలో అమలులోకి వచ్చిన సవరణలో స్పష్టంగా చెప్పారు. అదే వాక్యం పక్కన, వెనుక వాహనం ఉన్నదని గమనించి, సురక్షితమని మీకు తోచినప్పుడు ఒకరి వెనుక ఒకరుగా మారి గానీ, ఆగి గానీ దానికి దారి ఇవ్వాలని కూడా ఉంది. నిర్ణయం మీ చేతిలో ఉంటుంది, మర్యాద కూడా మీ వంతే. కార్లవారు గంటకు 30 మైళ్ల వరకు వేగంలో సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం ఇవ్వాలి. వేగం పెరిగితే ఎడమూ పెరగాలి. అంత ఎడం సన్నదారిలో సాధ్యం కాదు కాబట్టి, అక్కడ దాటకుండా ఆగడమే వారి బాధ్యత. మీరు కంచెను రాసుకుంటూ పక్కకు ఒదిగితే, దాటమని మీరే పిలిచినట్టు అవుతుంది. చోటు లేనిచోట వరస నడుమనే తొక్కండి, చోటు రాగానే పక్కకు రండి, చెయ్యి ఎత్తి నమస్కారం చెప్పండి. తొంభై శాతం విసుగు ఆ చేతితో పోతుంది.

ఒక కారు మాత్రమే పట్టే దారుల్లో అక్కడక్కడా పక్కకు తప్పుకొనే చోట్లు ఉంటాయి. అవి మీ ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ పక్కనే ఆగాలి, కుడికి దాటకూడదు. ఇటువంటి దారుల్లో కూడా చాలాచోట్ల చట్టప్రకారం గంటకు 60 మైళ్ల వేగం చెల్లుతుంది, అంటే దాదాపు 96 కిలోమీటర్లు. ఆ వేగంతో ఎవరూ పోలేరు గాని, ఎవరో ఒకరు ప్రయత్నిస్తారు. అందుకే గుడ్డి మలుపుల్లో మీకు కనిపించే దూరంలో ఆగగలిగే వేగాన్ని మించకండి. పట్టపగలు కూడా వెనుక దీపం వెలిగించుకోండి, బీచ్ అడవుల్లో నీడ ఎక్కువ. చీకటి పడితే ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం చట్టప్రకారం తప్పనిసరి. హెల్మెట్ తప్పనిసరి కాదు, పెట్టుకోమని కోడ్ సలహా ఇస్తుంది.

గుర్రాల గురించి ఎవరూ చెప్పలేదు. చిల్టర్న్ దారుల్లో గుర్రపు స్వారీవారు చాలా తరచుగా కనిపిస్తారు. చప్పుడు లేకుండా వెనుక నుంచి వచ్చే సైకిల్ అంటే గుర్రానికి భయం. దూరం నుంచే మాట వినిపించేలా పలకరించండి, వేగం తగ్గించండి, వాటికి ఎడమవైపు నుంచి దగ్గరగా దూరకుండా కుడివైపు విశాలంగా దాటండి. తెలుగులో పలకరించినా గుర్రం ఏమీ అనుకోదు.

జవాబు: స్టోక్ రో దాహం

నీళ్ల సందేహానికి నా జవాబు కొంచెం దూరం నుంచి మొదలవుతుంది, కాని అదీ ఒక దారి గురించే. చిల్టర్న్ గట్ల మీద వాగులు లేవని పైన చెప్పారు కదా. వాన ఇంకిపోయే సుద్ద మీద బతికిన ఊళ్లకు నీళ్లు పెద్ద కష్టం. రెడింగ్‌కు ఉత్తరాన, గట్టు మీద ఉన్న స్టోక్ రో అనే ఊరి కష్టం గురించి, మన దేశంలో అప్పటి వాయవ్య పరగణాల్లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో) అధికారిగా పనిచేసిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ కాశీ మహారాజుకు చెప్పారు. మహారాజా ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ ఆ ఊరికి సొంత డబ్బుతో బావి తవ్వించి ఇచ్చారు. అది 1864లో పూర్తయింది. మనుషులు చేతులతో తవ్విన ఆ బావి లోతు 368 అడుగులు, అంటే 112 మీటర్లు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు కంటే కూడా ఎక్కువ. వెడల్పు మాత్రం నాలుగే అడుగులు. దాని మీద గుమ్మటం, చేద యంత్రం మీద బంగారు పూత వేసిన ఏనుగు బొమ్మ ఇప్పటికీ ఉన్నాయి. బావి నిర్వహణ ఖర్చు కోసం పక్కనే చెర్రీ తోట కూడా వేయించారు. కరువు నేలల నుంచి బావులు తవ్వించమని సాయం అడిగే మనం, ఇంగ్లండు పల్లెకు మన దేశం నుంచి బావి వెళ్లిందని తెలిసి కొంత గర్వపడితే తప్పులేదు.

దారి ఇదీ: రెడింగ్‌లో నది దాటి కావర్‌షమ్, సోనింగ్ కామన్ మీదుగా స్టోక్ రో చేరండి. ఊరు దాటేదాకా వాహనాలు ఉంటాయి, తరువాత తగ్గుతాయి. ఇది పూర్తిగా మెల్లని వాలు మీద ఎక్కే దారి కాబట్టి గంటన్నర తీసుకున్నా ఊపిరి అదుపులోనే ఉంటుంది. బావి చూశాక చెకెండన్, వుడ్‌కోట్, గోరింగ్ హీత్ మీదుగా గట్టు మీదనే సాగి, విట్‌చర్చ్ కొండ దిగి థేమ్స్ మీద పాత టోల్ వంతెన దాటండి. కార్లకు అక్కడ రుసుము ఉంది, సైకిళ్లకు లేదు. అవతలి ఒడ్డు పాంగ్‌బోర్న్. ఓపిక ఉంటే రోడ్డు మీద, లేకపోతే రైల్లో రెడింగ్ చేరవచ్చు. తొక్కితే మొత్తం 35 నుంచి 40 కిలోమీటర్లు. విట్‌చర్చ్ కొండ దిగుడు నిటారుగా ఉంటుంది, కింద ఊరు వెంటనే మొదలవుతుంది కాబట్టి వేగం పెంచకండి. మీ భార్య గారితో వెళ్లడానికి టర్విల్ కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు ప్రశ్న. మహారాజు బావి నీళ్లు ఇప్పుడు తాగడానికి తోడరు. మీరు రెండు సీసాలు నింపుకొనే బయలుదేరాలి. దారిలో పబ్బులో టీ గానీ, నిమ్మరసం గానీ కొనుక్కొని సీసా నింపమంటే సాధారణంగా కాదనరు. చాలా చర్చి ఆవరణల్లో సమాధుల మీది పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. దూరాలు తొక్కేవారు దాన్ని వాడుకోవడం పాత అలవాటు, కాని తాగవద్దని బోర్డు ఉంటే తాగకండి. పల్లెల్లో దుకాణాలు ఆదివారం త్వరగా మూసేస్తారు, కొన్ని తెరవనే తెరవరు. తిండికి మాత్రం నేను ఎవరి మీదా ఆధారపడను. జేబులో పల్లీ చిక్కీ, చిన్న డబ్బాలో పులిహోర ఉంటే ఈ కొండల్లో ఎక్కడైనా భోజనమే.

జవాబు: పాతగేరు

స్టోక్ రో దారి నాకూ సమ్మతమే. ఒక్క మాట కలుపుతాను. మీకు ఈ మూడు దారులూ అలవాటయ్యాక రైల్లో కాట్స్‌వోల్డ్స్ కొండలకు వెళ్లండి. రెడింగ్ నుంచి మోర్టన్ ఇన్ మార్ష్‌కు నేరుగా రైలు ఉంది. దూరప్రయాణపు రైలు కాబట్టి సైకిల్‌కు ముందుగా చోటు రిజర్వు చేసుకోవాలి. అక్కడి నుంచి చిప్పింగ్ కామ్‌డెన్, స్నోస్‌హిల్, గైటింగ్ పవర్, నాంటన్, లోయర్ స్లాటర్ చుట్టి వస్తే 50, 55 కిలోమీటర్లు అవుతుంది. తేనెరంగు సున్నపురాతి ఊళ్లు, విశాలమైన గట్లు, చిల్టర్న్ కంటే దూరం కనిపించే దారులు.

జవాబు: చిల్టర్న్ చక్రం

పాతగేరు గారూ, ఆ దారి బాగుంటుందని ఒప్పుకుంటాను, కాని వేసవి సెలవుల్లో వద్దని చెప్పండి. బోర్టన్, బైబరీ వైపు పర్యాటకుల కార్లు వరుసలు కడతాయి. మోర్టన్, స్టో ఊళ్ల మీదుగా పోయే ఏ429 రోడ్డు రోమన్ల కాలం నాటి తిన్నని దారి. పటంలో ఆకర్షణీయంగా కనిపిస్తుంది గాని సైకిల్‌కు పనికిరాదు. దాన్ని అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట పోకూడదు. నేల లెక్క అక్కడా ఇదే: తెగిన అంచు వాయవ్యంగా బ్రాడ్‌వే, వించ్‌కూమ్ వైపు, మెల్లని వాలు ఆగ్నేయంగా. కాబట్టి మూసీగట్టు గారూ, మొదటిసారి బ్రాడ్‌వే వైపు దిగకండి.

చలికాలం గురించి కూడా ఇప్పుడే చెప్పి ఉంచుతాను, ఎందుకంటే పంచాంగం ఇక్కడ దారిని చాలా మార్చేస్తుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది, ఆఫీసు అయ్యాక కూడా హాంబుల్డెన్ వలయం తిరిగి రావచ్చు. డిసెంబరులో నాలుగింటికే చీకటి. మంచు గడ్డకట్టకుండా స్థానిక కౌన్సిళ్లు ఉప్పు చల్లేది ప్రధానంగా ఏ, బీ తరగతి పెద్ద రోడ్ల మీదనే. సన్నదారులు, ముఖ్యంగా ఎండ తగలని ఉత్తరపు వాలులూ చెట్ల కింద మలుపులూ, మధ్యాహ్నం దాకా కంటికి కనిపించని పలచని మంచుగడ్డతో ఉంటాయి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిందంటే ఆ రోజు టర్విల్ జోలికి వెళ్లకండి. పదకొండు దాటాక బయలుదేరి స్టోనర్ లోయలోని పెద్ద రోడ్డు మీద పైకి వెళ్లి, అదే రోడ్డు మీద వెనక్కి రండి. నా సూత్రానికి ఆ రోజు మాత్రం సెలవు.